కూతవేటు

గ్లోబు ఒకటి దొరికితే చిన్న పని చేయండి. దారం ఒక కొస హైదరాబాద్ మీద వేలితో నొక్కిపెట్టి, రెండో కొస డాలస్ దాకా బిగించి లాగండి. మన బుర్రలో ఉన్న దారి పడమటికి పోతుంది కదా, దుబాయ్, యూరప్, అట్లాంటిక్ మీదుగా. దారం అటు పోదు. దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. కారకోరం కొండలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళి, అవతలి పక్క కెనడా మీదుగా కిందికి దిగుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 175. సగం భూమి అంటే 180. కాబట్టి ఈ రెండు ఊళ్ళూ దాదాపు ఒకదానికొకటి వీపు ఆనించి కూచున్నట్టు ఉంటాయి. మధ్య దూరం, కొంచెం అటూ ఇటుగా, 14,400 కిలోమీటర్లు.

మా అన్నయ్య డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. పదకొండేళ్ళయింది. ఈ ఉత్తరం సంగతి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెరట్లో కూచున్నప్పుడల్లా తూర్పుకి చూసి అమ్మ అటే ఉందనుకుంటాను. మరి ఇన్నాళ్ళూ చూసింది ఎవర్ని?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఇది నవ్వులాట కాని వాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో ఉండే ముస్లింలకి మక్కా ఎటు అన్నది రోజుకి ఐదుసార్లు తేల్చుకోవాల్సిన లెక్క. గోడ మీద మ్యాపు ఆగ్నేయం అంటుంది, గ్లోబు మీద దారం ఈశాన్యం అంటుంది. దీని మీద అక్కడ ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. ఎక్కువమంది దారం మాటే విన్నారు. మనకి ఆ ఇబ్బంది లేదు గానీ ఇంకోటుంది. పితృకార్యాలు దక్షిణ ముఖంగా కూచుని చేస్తారు. డాలస్‌లో దక్షిణానికి తిరిగి కూచుంటే సొంతూరికి వీపు పెట్టినట్టే లెక్క.

గోడ మీద మ్యాపుని తిట్టక్కర్లేదు. 1569లో మెర్కేటర్ దాన్ని ఓడవాళ్ళ కోసం గీశాడు. దిక్సూచి చూపించిన కోణం పట్టుకుని పోతే గమ్యం చేరాలన్నది అతని బాధ. దగ్గర దారి ఏదన్నది కాదు. మనం ఆ మ్యాపుని బడిలో చూసి, దూరం అంటే అదే అనుకుని పెరిగాం.

ఇంకో లెక్క నాకు చాలా ఇష్టం. ఫ్రెంచి విప్లవం రోజుల్లో మీటర్‌ని నిర్వచించినప్పుడు, ధ్రువం నుంచి భూమధ్యరేఖకి ఉన్న దూరంలో కోటో వంతు ఒక మీటర్ అన్నారు. అంటే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, అందులో సగం 20,000. దీని అర్థం ఏంటంటే, ఈ భూమ్మీద ఉన్నంతకాలం ఏ మనిషీ ఇంకో మనిషికి ఇరవై వేల కిలోమీటర్లకి మించి దూరం వెళ్ళలేడు. అంతకంటే దూరం అసలు లేదు. ఇంకా ముందుకు నడిస్తే తిరిగి దగ్గరకి రావటమే. మొదటిసారి ఇది తట్టినప్పుడు నాకు ఏదో ఊరట దొరికినట్టనిపించింది. ఆ ఊరట ఎక్కువ రోజులు నిలవలేదు, అది వేరే సంగతి.

తెలుగులో దూరాన్ని కొలిచే పాతమాటలు చూస్తే అవి భూమిని కాకుండా మనిషిని కొలుస్తున్నట్టుంటాయి. కనుచూపు మేర అంటే కన్ను ఎంత దూరం పోతే అంత. కూతవేటు దూరం అంటే గొంతు ఎంత దూరం పోతే అంత. ఇంట్లోంచి గట్టిగా పిలిస్తే పొలంలో ఉన్నవాడికి వినపడి, "ఆ వస్తున్నా" అని వాడు వచ్చేయగలిగినంత. ఈ మాటలో రెండు సంగతులు కలిసి ఉన్నాయని ఈమధ్యే గమనించాను. పిలుపు అందటం ఒకటి. మనిషి రావటం ఒకటి. కూతవేటు దూరంలో అవి రెండూ ఒకటే. పిలుపు అందిందంటే మనిషి వస్తాడని.

ఇప్పుడు ఆ రెండూ విడిపోయాయి. గాజు తీగలో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన 14,400 కిలోమీటర్లకి సెకనులో పదో వంతు కూడా పట్టదు. కేబుళ్ళు సముద్రాల అడుగున చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువ. ఏదేమైనా అమ్మ ఖమ్మంలో దగ్గితే అన్నయ్యకి ఫ్రిస్కోలో వినపడుతుంది. లేచి మంచినీళ్ళ గ్లాసు ఇవ్వాలంటే మాత్రం ఒక రోజు పైన పడుతుంది. ప్రపంచమంతా కూతవేటు దూరంలోకి వచ్చేసింది, మనుషులు రాలేదు. నేను రాయాలనుకున్నదంతా ఈ తేడా గురించే. వినపడుతూ ఉండి, రాలేకపోవటం అనేది మనుషులకి కొత్త. మా తాతయ్య కాలంలో కొడుకు దూరాన ఉంటే చెడ్డవార్త వాడి దగ్గరకి ఉత్తరంలోనో టెలిగ్రాంలోనో వెళ్ళేది. అది అందేసరికి చేయగలిగింది ఏమీ మిగిలేది కాదు. తెలియకపోవటం అనేది అప్పట్లో ఒక దయ.

లెక్కల్లో దూరం అనే మాట వాడాలంటే కొన్ని షరతులు ఉంటాయి. ఇక్కడి నుంచి అక్కడికి ఎంతో, అక్కడి నుంచి ఇక్కడికీ అంతే ఉండాలి. మధ్యలో ఇంకో ఊరి మీదుగా పోతే దూరం పెరగాలి లేదా సమానంగా ఉండాలి, తగ్గకూడదు. డిగ్రీలో ఇది చదువుకున్నప్పుడు ఇంత మామూలు విషయానికి ఇంత హంగామా ఎందుకు అనుకున్నాను. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఈ షరతులు ఒక్కటీ నిలబడవు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,940. కలిపితే దారం కంటే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఎక్కువ. కానీ హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా ఎగిరే విమానం లేదు కాబట్టి, చుట్టుదారే దగ్గర దారి. ఇక అటూ ఇటూ సమానం అన్న షరతు? అన్నయ్యకి ఇండియా రావటం ఒక టికెట్. తిరిగి వెళ్ళటం ఒక టికెట్, ఒక వీసా స్టాంపింగ్, దానికి స్లాట్ దొరకటం, ఆ రోజు కిటికీ అవతల కూచున్న మనిషికి తోచటం. రావటానికి 14,400 కిలోమీటర్లు, పోవటానికి ఎన్నో ఎవరికీ తెలీదు. అమ్మకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. "ఉద్యోగం అక్కడే ఉంది, ఇల్లు అక్కడే కొన్నాడు, పిల్లలు అక్కడే పుట్టారు. రానివ్వకపోవటం ఏంటే?" అంటుంది. ఆవిడ ప్రశ్నలో తప్పేం లేదు.

దూరాన్ని యుద్ధాలు కూడా పెంచుతాయి. 2022లో రష్యా యుక్రెయిన్ మీద దాడి చేశాక రష్యా ఆకాశం చాలా దేశాల విమానాలకి మూతపడింది. ఫిన్లాండ్ వాళ్ళ ఫిన్నేర్ హెల్సింకీ నుంచి టోక్యోకి సైబీరియా మీదుగా పోయేది. ఇప్పుడు ఆ మార్గం లేక ఉత్తర ధ్రువం మీదుగా తిప్పాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిరిండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. ఊళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. మధ్యలో ఎవరో ఎవరితోనో తగువు పెట్టుకున్నారు, మనవరాలి పుట్టినరోజుకి వెళ్తున్న ముసలావిడ ఇంకో నాలుగ్గంటలు సీట్లో కూచుంది.

అంత దూరం ఎందుకు, మన ఊళ్ళలోనే చూడండి. ఊరికీ వాడకీ మధ్య అర కిలోమీటర్ ఉంటుందో ఉండదో. తరాల తరబడి అటునుంచి ఇటు ఒక గ్లాసు మంచినీళ్ళు ప్రయాణం చేయలేదు. "ఆమడ దూరం పెట్టటం" అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. దారం పట్టుకుని కొలిచే దూరం అన్నిట్లోకీ అమాయకమైనదని నాకనిపిస్తుంది. అది ఎవర్నీ ఎక్కడా నిలబెట్టదు.

నాన్న పోయింది జనవరిలో, తెల్లవారుజామున నాలుగింటికి. అప్పుడు అన్నయ్యకి ముందురోజు సాయంత్రం నాలుగున్నర. ఆఫీసులో ఉన్నాడు. నాన్న పోయిన తారీఖు మా ఇద్దరికీ వేరు. ఇప్పటికీ నా క్యాలెండర్లో ఒక రోజు, తన క్యాలెండర్లో ఒక రోజు. తిథి మాత్రం ఒకటే. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం కాబట్టి, ఆ క్షణాన అది ఖమ్మానికి ఎంతో ఫ్రిస్కోకీ అంతే. పంచాంగం ఈ ఒక్క చోట మమ్మల్ని కలిపి ఉంచింది.

ఆరింటికల్లా ఫ్రీజర్ పెట్టె వచ్చింది. మన ఊళ్ళలో ఇది ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. ఫోన్ చేస్తే టాటా ఏస్‌లో తెస్తారు, హాల్లో పెడతారు, ప్లగ్ పెట్టి, వైరు ఎవరి కాలికీ తగలకుండా చాప కింద సర్దుతారు. రోజుకింత అని అద్దె. తెచ్చిన కుర్రాడు ఎంతో మర్యాదగా అడిగిన మొదటి మాట, "అమెరికా నుంచి రావాలా మేడం?" అని. రావాలంటే రెండు రోజులకి రాసుకుంటాడట. లోకల్ అయితే ఒక పూట. ఆ కుర్రాడి దగ్గర ఖమ్మం జిల్లా పిల్లలు ఏ దేశాల్లో ఉన్నారో చెప్పే పట్టిక ఉన్నట్టే లెక్క.

అన్నయ్య వచ్చేసరికి 41 గంటలు పట్టింది. టికెట్ దొరకటం, దుబాయ్‌లో ఐదు గంటలు, శంషాబాద్ నుంచి ఖమ్మం రోడ్డు ప్రయాణం అన్నీ కలిపి. ఆ 41 గంటలు ఇంట్లో పొయ్యి వెలగలేదు. శవం ఇంట్లో ఉండగా వెలిగించరు కదా. పక్కింటి ఆంటీ టీలు పంపింది. పెద్దమ్మకి షుగర్, ఏమీ తినకుండా కూచుంటే రెండోరోజు కళ్ళు తిరిగి పడింది. పిల్లలు ఆకలేసి ఏడిస్తే బయటికి తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టించారు. పెట్టె గాజు మీద చెమ్మ పడుతూ ఉంటే నేను చున్నీతో తుడుస్తూ కూచున్నాను. తుడిచిన కాసేపటికి మళ్ళీ నాన్న మొహం మసకయ్యేది. మొదటిరోజు మధ్యాహ్నం పెదనాన్న అన్నాడు, "కూతురుంది కదమ్మా, అది పెడితే కొరివి కాదా? వాణ్ణి నిదానంగా రమ్మందాం" అని. అమ్మ, "వాడు రానీ బావగారూ" అంది, అంతే. నేనూ అన్నయ్య రావాలనే అనుకున్నాను. కొరివి ఎవరు పెట్టాలన్నదాని గురించి కాదు. తను నాన్న మొహం చూడాలని. స్క్రీన్ మీద అప్పటికి పదిసార్లు చూశాడు, అది చూడటం కిందికి రాదని మా అందరికీ తెలుసు. ఎందుకు రాదో అడిగితే నా దగ్గర జవాబు లేదు గానీ, రాదు.

ఆగటం సబబేనా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. సబబే అంటాను ఇప్పటికీ. కానీ ఆ 41 గంటల్ని భరించింది ఎవరన్నది కూడా చెప్పుకోవాలి. పెద్దమ్మ భరించింది, పక్కింటి ఆంటీ భరించింది, పిల్లలు భరించారు. దూరం ఇద్దరి మధ్య ఉంటుందనుకుంటాం, దారం రెండు కొసలు చూసి. ఆ బరువు పడేది మాత్రం దగ్గరున్న మూడోమనిషి మీద.

తత్వవేత్తలు దూరం గురించి చాలానే ఆలోచించారు. వాళ్ళ బాధ మాత్రం వేరే. ఆడమ్ స్మిత్ 1759లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక ప్రశ్న వేస్తాడు. చైనా దేశం మొత్తం భూకంపంలో కుంగిపోయిందని యూరప్‌లో ఒక మంచిమనిషి విన్నాడనుకోండి. అయ్యో అంటాడు, జీవితం ఎంత క్షణికమో కదా అని నాలుగు మాటలంటాడు, తర్వాత తన పనిలో పడిపోతాడు. అదే రేపు తన చిటికెన వేలు పోతుందని తెలిస్తే ఈ రాత్రి నిద్రపట్టదు. మరి ఆ వేలు కాపాడుకోటానికి చైనాని బలి ఇస్తాడా అంటే ఇవ్వడు. మనసు దగ్గరదాన్నే పట్టించుకుంటుంది, మనస్సాక్షి దూరాన్ని లెక్కచేయదు అన్నది స్మిత్ చెప్పదలుచుకున్నది. 1972లో పీటర్ సింగర్ అనే కుర్ర ఆస్ట్రేలియన్ ఇంకో అడుగు ముందుకేశాడు. తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది శరణార్థులు మన సరిహద్దు దాటి వస్తున్న రోజుల్లో అతను రాసిన వ్యాసం అది. చెరువులో పసిపిల్ల మునిగిపోతుంటే బట్టలు తడుస్తాయని ఆగుతామా? ఆగం. మరి వేల మైళ్ళ అవతల ఒక పిల్ల ఆకలితో పోతుంటే, మన డబ్బుతో ఆపగలిగినప్పుడు, దూరం అనేది సాకు ఎలా అవుతుంది?

సింగర్‌ని చదివితే కాదనటం కష్టం. చదివినప్పుడల్లా నాకు భౌతికశాస్త్రంలో ఒక పాత సరదా లెక్క గుర్తొస్తుంది. భూమి అంతా ఒకే సాంద్రతతో ఉందనుకుని, రెండు ఊళ్ళ మధ్య తిన్నగా సొరంగం తవ్వి, రాపిడి లేకుండా ఒక బండిని వదిలితే, గురుత్వాకర్షణ మీదే అది అవతలికి 42 నిమిషాల్లో చేరుతుంది. తమాషా ఏంటంటే ఏ రెండు ఊళ్ళ మధ్య తవ్వినా అవే 42 నిమిషాలు. హైదరాబాద్ నుంచి డాలస్‌కైనా అంతే, ఖమ్మానికైనా అంతే. సింగర్ లోకం అలాంటిది. అందులో అన్ని దూరాలూ సమానం. లెక్క తప్పేమీ కాదు, సొరంగమే లేదు. పైగా అతను మాట్లాడుతున్న బాధ్యత డబ్బుతో తీరేది. డబ్బు గొంతులాంటిది, క్షణంలో చేరుతుంది. అన్నయ్య డబ్బు ఎప్పుడూ ఆలస్యం కాలేదు. కానీ తీగలో పోని బాధ్యతలు కొన్ని ఉంటాయి. మంచం మీద ఉన్న మనిషిని రాత్రి రెండుసార్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పటం అలాంటిది. అది చేయాలంటే ఒక ఒళ్ళు ఆ గదిలో ఉండాలి.

మునిగిపోయే వాళ్ళని కాపాడటం గురించి మా ఊరికి పుస్తకంలో ఉదాహరణ అక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. మా ఇంటికి నీళ్ళు రాలేదు, మేం మిద్దె మీద నిలబడి ఫోన్లు చూసుకుంటున్నాం. డ్రోన్ వీడియోలు అన్నయ్యకి మాకంటే ముందే చేరాయి. ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసి, "బొక్కలగడ్డ వైపు పోకండి" అని మాకు చెప్తున్నాడు. ఊరి పరిస్థితి మాకంటే బాగా అతనికే తెలుసు, ఆ పూట. ఆ తొమ్మిది మందిని ఆ వరదలోకి బుల్డోజర్ నడుపుకుంటూ వెళ్ళి తీసుకొచ్చింది సుభాన్ ఖాన్ అనే డ్రైవర్. బతుకుతెరువు కోసం హర్యానా నుంచి వచ్చిన మనిషి. అతని సొంతూరు ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైనే. మిద్దె మీద ఉన్న మేము ఆ వంతెనకి దగ్గరా, అతను దగ్గరా? తత్వశాస్త్రం క్లాసులో అయితే ఈ ప్రశ్న మీద గంటసేపు మాట్లాడొచ్చు. బుల్డోజర్ తాళం అతని చేతిలో ఉంది, నడపటం అతనికి వచ్చు, వెళ్ళాడు.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన సర్వే ఈ 78వ రేఖాంశం పక్కనే దక్కను మీదుగా ఉత్తరానికి సాగి, దశాబ్దాల తర్వాత హిమాలయాల పాదాల దాకా వెళ్ళింది. భూమి ఆకారం ఎంత వంపు తిరిగి ఉందో కచ్చితంగా తేల్చిన కొలతల్లో అదొకటి. 14,400 అన్న అంకె నేను ఫోన్లో రెండు సెకన్లలో తెప్పించుకున్నాను గానీ దాని వెనక అలాంటి కొలతలు చాలా ఉన్నాయి. ఆ సర్వేలో వాడిన పెద్ద థియొడొలైట్ అర టన్ను బరువు. కొండల మీదికి, గోపురాల మీదికి దాన్ని ఎక్కించింది మన కూలీలు. అడవి జ్వరాలతో ఎంతోమంది దారిలోనే పోయారు. లాంబ్టన్ పేరు, తర్వాత వచ్చిన ఎవరెస్ట్ పేరు అందరికీ తెలుసు. మోసిన వాళ్ళ పేర్లు పుస్తకాల్లో లేవు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నాన్న పోయిన ఏడాది అమ్మకి తుంటి ఎముక విరిగింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, రెండు వందల కిలోమీటర్లు. శని ఆదివారాలు వెళ్తాను. మిగతా ఐదు రోజులు? అన్నయ్య డబ్బు పంపితే ఒకావిడని కుదిర్చాం. కొత్తగూడెం అవతల పల్లెటూరు ఆవిడది. అమ్మతోనే ఉంటుంది. రాత్రి రెండుసార్లు పక్క మార్పించింది ఆవిడే. అమ్మ మళ్ళీ నడుస్తోందంటే ఆవిడ చేతుల వల్లే. ఆవిడకీ ఒక అమ్మ ఉంది, ఆ పల్లెలో, ఒక్కతే. బస్సులో రెండున్నర గంటలు, తర్వాత ఆటో. పదిహేను రోజులకి ఒక ఆదివారం వెళ్తుంది. వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ అయిన రోజు మా అమ్మకి జ్వరం. ఆవిడ వెళ్ళలేదు. వెళ్ళమని అమ్మ అంది, ఆవిడే ఉండిపోయింది.

ఆర్లీ హోష్‌చైల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త దీనికి ఒక పేరు పెట్టింది. సంరక్షణ గొలుసు అనొచ్చు తెలుగులో. ఒక ఇంట్లో ఖాళీని ఇంకో ఇంటి మనిషి నింపుతుంది, ఆ ఇంట్లో పడిన ఖాళీని ఇంకెవరో, లేదా ఎవరూ కాదు. మా గొలుసు ఫ్రిస్కోలో మొదలై హైదరాబాద్ మీదుగా ఖమ్మం వచ్చి, కొత్తగూడెం అవతల ఒక ఇంటి గుమ్మం ముందు ఆగుతుంది. అక్కడ కంట్లో చుక్కలు వేసుకోటానికి ఆ ముసలావిడ పక్కింటి పిల్లాణ్ణి పిలుచుకుంటుంది. 14,400 కిలోమీటర్లు ఆఖరికి దిగిన చోటు అది. అన్నయ్యని నేనేమీ అనట్లేదు, తను వెళ్ళకపోతే నా చదువు కూడా సాగేది కాదు. గొలుసులో పై కొస దగ్గర ఉన్నవాళ్ళం మేం దూరం గురించి వ్యాసాలు రాసుకోగలుగుతాం, ఆ తేడా మాత్రం ఉంది.

ఇప్పుడు కొత్త సమస్య ఒకటి వచ్చింది. అన్నయ్య అమ్మని మే నెలలో ఆర్నెల్లకి తీసుకెళ్తానంటున్నాడు. విజిటర్ వీసా ఉంది. అమ్మకి మనవలతో ఉండాలని ఉంది, విమానంలో అంతసేపు కూచోటానికి భయంగానూ ఉంది. "నేనక్కడికి పోతే నీకెంత దూరమే?" అని అడిగింది. అంతేనమ్మా, ఇప్పుడు అన్నయ్యకి ఎంతో అంతే అన్నాను. "అయితే పర్వాలేదులే, వాడు ఓర్చుకుంటున్నాడుగా" అంది. అది వేళాకోళమో కాదో ఆవిడ మొహం చూస్తే తెలియలేదు.

అమ్మ వెళ్తే ఆ ఆర్నెల్లు ఆవిడకి జీతం ఇవ్వాలా వద్దా అన్నది ముగ్గురం కాల్‌లో మాట్లాడుకున్నాం. అన్నయ్య, "పని ఉండదు కదా, వచ్చాక మళ్ళీ పిలుద్దాం" అన్నాడు. వదిన, సగం ఇద్దాం అంది. నేను మొత్తం ఇవ్వాలన్నాను. ఆవిడ మన కోసం ఖాళీ పెట్టిన ఇంట్లో ఆర్నెల్లు ఉండగలిగితే, దానికి అయ్యే ఖర్చు మనదేనని నా వాదన. అన్నయ్య వెంటనే ఒప్పుకోలేదు. "అలా లెక్కేస్తే ఎక్కడ ఆగుతుందే?" అన్నాడు. ఎక్కడ ఆగుతుందో నాకూ తెలీదు, కొత్తగూడెం దాకా అయితే పోతుంది కదా అన్నాను. ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ మాట్లాడాలి.

ఆవిడకి ఈ సంగతేమీ తెలీదు. మొన్న శనివారం నేను వెళ్ళేసరికి వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తోంది. గట్టు మీద ఉప్పు డబ్బాకి ఆనించి ఫోను, స్పీకర్‌లో ఉంది. అవతల వాళ్ళమ్మ. ఇద్దరూ ఏమీ మాట్లాడట్లేదు. అటువైపు ఒక కోడి అరిచింది, ఎవరో గేదెని అదిలిస్తున్నారు. ఇటు కత్తిపీట చప్పుడు. నన్ను చూసి తీసేయమంటారా అన్నట్టు ఫోను వైపు చేయి చాపింది. ఉండనీ అన్నాను. పొట్టు చాటలోకి తోసి, ఇంకో కాయ అందుకుంది. లైన్ అలాగే ఉంది.